పాటల పెట్టె మార్చే ముందు

పూర్వం మన యిండ్లలో పాటల పెట్టె అంటే గ్రామఫోను రికార్డుల పెట్టె. నిమిషానికి 78 సార్లు తిరిగే ఆ పళ్ళెము ఒక్కొక్క ప్రక్కన మూడు నాలుగు నిమిషాల పాటను మాత్రమే పట్టేది. తరువాత కాసెట్లు వచ్చాయి. ఆ వెనుక కాంపాక్ట్ డిస్కులు వచ్చాయి. నేడు ఒక గృహస్థు జీవితమంతా కూడబెట్టుకున్న సంగీతం గోరంత మెమరీ కార్డులో ఇమిడిపోతున్నది. సౌకర్యమే, కాని పెట్టె మారినప్పుడల్లా లోపలి పాట కూడా రూపం మార్చుకోవలసి వస్తున్నది. ఫోను మార్చినప్పుడో, చోటు చాలనప్పుడో "ఈ ఫైళ్ళన్నిటినీ వేరొక రూపంలోకి మార్చుకోండి" అని ఎవరో ఒకరు సలహా చెబుతారు. ఒక్క మీట నొక్కితే వందల పాటలు మారిపోతాయి. ఆ మీట నొక్కే ముందు ఆలోచించవలసిన సంగతులు కొన్ని శ్రోతలకు మనవి చేస్తాను.

ధ్వని అంటే గాలిలో కదలిక. ఆ కదలికను సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్ల సంఖ్యగా, కుడి ఎడమలకు వేరువేరుగా నమోదు చేస్తే అది కాంపాక్ట్ డిస్కు అవుతుంది. గంట సంగీతానికి ఈ సంఖ్యలు దాదాపు 635 మెగాబైట్ల చోటు ఆక్రమిస్తాయి. ఇంత బరువును తగ్గించడానికి రెండు మార్గాలున్నవి.

అగ్గిపెట్టెలో పట్టే చీరను సిరిసిల్ల నేతగాళ్ళు నేశారని మీరు వినే వుంటారు. ఆ చీరను మడిచి పెట్టెలో పెట్టవచ్చు. మళ్ళీ విప్పితే ఒక్క పోగైనా తగ్గదు. ఇది మొదటి మార్గం. 2001లో వెలువడిన ఫ్లాక్, 2004లో ఆపిల్ సంస్థ తెచ్చిన అలాక్ ఈ జాతివి. ఇవి పాటను చాలావరకు సగానికో, అంతకు కొంచెం ఎక్కువకో కుదిస్తాయి. విప్పినప్పుడు ప్రతి సంఖ్యా యథాతథంగా తిరిగి వస్తుంది.

రెండవది కత్తిరింపు మార్గం. కుచ్చెళ్ళలో మరుగుపడే గుడ్డ ఎవరి కంటా పడదు గదా అని కత్తిరించి వేయడం వంటిది. జర్మనీలోని ఎర్లాంగెన్ నగరంలో ఫ్రౌన్‌హోఫర్ పరిశోధనాలయంలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ ప్రభృతులు ఏండ్ల తరబడి శ్రమించి రూపొందించిన ఎం.పి.3 ఈ కోవలోనిది. దానికి ఆ పేరు 1995లో స్థిరపడింది. మృదంగం మీద గట్టి దెబ్బ పడిన క్షణంలో తంబుర సన్నని నాదం మన చెవికి ఆనదు. ఆనని దానిని దాచడమెందుకన్నది ఆ శాస్త్రజ్ఞుల ఆలోచన. సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున కుదిస్తే గంట సంగీతం 58 మెగాబైట్లకు, అంటే పదకొండవ వంతుకు దిగుతుంది. తరువాత వచ్చిన ఎ.ఎ.సి., ఓగ్ వోర్బిస్, 2012లో వచ్చిన ఓపస్ ఇదే పనిని మరింత నేర్పుగా చేస్తున్నవి.

ఈ విద్యను నేను నిందించడం లేదు. మంచి మూలం నుంచి, తగినంత చోటిచ్చి, ఒక్కసారి కత్తిరిస్తే చాలమంది చెవులు తేడాను పట్టలేవు. చిక్కు రెండవ కత్తిరింపుతో వస్తుంది. ఒక రూపంలో కుదించిన పాటను వేరొక కత్తిరింపు రూపంలోకి మార్చేటప్పుడు, యంత్రం ముందుగా ఆ పాటను విప్పి, తిరిగి మొదటినుంచి కత్తిరిస్తుంది. మొదటి కత్తెర వదలిన గరుకు ఏదో, అసలు సంగీతమేదో దానికి తెలియదు. గరుకును కూడా సంగీతమనుకొని దాచిపెట్టి, మిగిలిన సంగీతంలో మరికొంత తీసివేస్తుంది. తాళపత్రాల కాలంలో ప్రతిని చూచి ప్రతి వ్రాసే లేఖకుడు పాత తప్పులను నిలిపి, తన తప్పులను చేర్చినట్లే. అక్కడైనా బ్రౌను దొర వంటివారు నాలుగు ప్రతులు తెప్పించి, పండితులచేత సరిపోల్చి చూపించగలిగారు. మన పాటకు ఉన్నది ఒక్క ప్రతి అయినప్పుడు దేనితో సరిపోల్చగలము?

ఇది పుస్తకాలు చదివి చెబుతున్న మాట కాదు. మా మేనత్త గొప్పగా పాడేది. పెండ్లి పాటలు, మంగళహారతులు కలిపి పన్నెండింటిని 1996 వేసవిలో ఒక కాసెట్టు మీద పట్టాను. తోడుగా ఒక జత తాళాలు తప్ప వేరే వాద్యం లేదు. 2004లో వాటిని కంప్యూటరుకు ఎక్కించి, ఎం.పి.3లుగా మార్చి, డిస్కు మీద వ్రాసి ఆమెకొకటి యిచ్చాను. 2010లో నా ఫోనులో చోటు చాలక, నా దగ్గరున్న సంగీతాన్నంతా సెకనుకు 48 కిలోబిట్ల వేరొక రూపంలోకి మార్చి, "పాటలు అవే గదా" అని పాత ఫైళ్ళను చెరిపివేశాను. కాసెట్టు అప్పటికే బూజు పట్టి పోయింది.

2019లో మేనత్త మనుమరాలి పెండ్లి. మేనత్త అప్పటికి లేదు. హారతి వేళకు ఆమె గొంతే వినిపించాలని మా వదిన కోరింది. తీరా పెట్టి వింటే తాళాల మ్రోత నీటిలో గలగరించినట్లున్నది. చరణానికీ చరణానికీ మధ్య ఆమె ఊపిరి తీసుకునే సవ్వడి లేదు. "పాట అమ్మదే గాని, అమ్మ ప్రక్కన కూర్చున్నట్టు లేదు" అన్నది వదిన. ఫ్లాక్‌లోకి మార్చితే బాగుపడుతుందేమోనని మార్చి చూచాను. ఫైలు పెద్దదయింది, ఊపిరి తిరిగి రాలేదు. మీగడ తీసిన పాలను పెద్ద గిన్నెలో పోసినంత మాత్రాన మీగడ కట్టదు గదా! ఎర్లాంగెన్‌లో కూడా తమ పనిని పరీక్షించుకోవడానికి వాద్యాలు లేని ఒక పాటను, సుజాన్ వేగా అనే అమెరికా గాయని పాడినదానిని, పదేపదే విన్నారట. ఒంటరి గొంతులో లోపం దాగదు.

చివరకు వదిన ఇంట్లో, మేనత్త పట్టుచీరల అడుగున, 2004 నాటి డిస్కు దొరికింది. ఎన్నో ప్రయత్నాల మీద పదకొండు పాటలు దక్కాయి. పన్నెండవది ఎత్తుకోలేదు, అది నేను పాడుచేసిన రూపంలోనే మిగిలి వున్నది.

కనుక నా మనవి ఇది. మీ వద్ద కాసెట్లు, డిస్కులు ఇంకా వుంటే వాటిని ముందుగా ఫ్లాక్ వంటి మడత రూపంలో భద్రపరచండి. అది మూలప్రతి. ఫోనుకు, కారుకు కావలసిన చిన్న ప్రతులను ఎప్పుడూ దానినుంచే తీయండి. పాతబడితే పారవేసి, మళ్ళీ మూలం నుంచే తీయండి. మీ వద్ద ఎం.పి.3 ఒక్కటే మిగిలివుంటే అదే మీ మూలప్రతి. దానిని అట్లే వుండనివ్వండి. ఆ రూపానికి పేటెంటు లైసెన్సుల గొడవ 2017లో తీరిపోయింది. దానిని పలికించలేని పరికరం నేడు అరుదు. తప్పనిసరిగా మార్చవలసివస్తే మార్చిన ప్రతిని వాడుకోండి, పాతదానిని మాత్రం చెరపకండి. 128 కిలోబిట్ల పాటను 320కి మార్చినందువల్ల చోటు వృథా తప్ప లాభం లేదు. ఫైలు పేరు చివరి అక్షరాలను మార్చినంతలో రూపం మారదని కూడా గుర్తుంచుకోండి.

మార్చిన తరువాత రెండు మూడు పాటలైనా నిదానంగా వినండి. తాళం మ్రోగే చోట, తంబుర మాత్రమే మిగిలే చోట చెవి పెట్టండి. పాట పేరు, పాడినవారి పేరు తెలుగులో వ్రాసుకొనివుంటే, ఆ అక్షరాలు మార్పిడిలో చెడిపోలేదు గదా అని చూడండి. ఫ్లాక్ ఫైలులో లోపలి సంఖ్యలను సరిచూచుకునే గుర్తు ఒకటి వుంటుంది. దానివల్ల, ఏండ్ల తరువాత కూడా పాట చెక్కు చెదరలేదని రూఢి చేసుకోవచ్చు. మూలప్రతిని ఒక్కచోటనే వుంచక, వేరొక యింట మరొక ప్రతిని వుంచండి. మా మేనత్త పాటలు పదకొండు దక్కినవంటే అందుకు నా తెలివి కారణం కాదు, రెండవ యింట ఒక ప్రతి వుండడమే కారణం.

ఈ ఆదివారం తీరిక చేసుకొని మీ పాటల పెట్టె తెరవండి. బజారులో దొరికే పాటలను తరువాత చూచుకోవచ్చు. మరెక్కడా దొరకని గొంతు ఏదైనా వున్నదేమో, ముందు దానిని వెదకండి.