మొదట ఆగేది తాపీయే
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాకిచ్చిన అంశం "ఆర్థిక మాంద్యం - ఉపాధి" అన్నది. పెద్ద మాటే. మా బడిలో దీనిని ఉర్దూలో కసాద్ బాజారీ అని చెబుతాము. బజారు చల్లబడిపోవడమని అర్థం. ఏ దేశపు మాంద్యం గురించి చెప్పమంటారని కార్యదర్శిగారిని అడిగితే, "మాస్టారూ, మనవాళ్ళు ఎక్కడున్నారో ఆ ఊరి సంగతి చెప్పండి, చాలు" అన్నారు. అందుచేత దుబాయి సంగతే చెప్పదలచుకున్నాము. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు వైపు చూసినా, అటు కడప, రాయచోటి వైపు చూసినా గల్ఫుకు మనిషిని పంపని వీధి ఉండదు. ఈ హాలులోనూ చేయి ఎత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయో మాకు తెలుసు.

మనలో చాలామంది దుబాయి అంటే చమురు అనుకుంటారు. అది సగం నిజమే. 1966లో అక్కడ చమురు పడిన మాట వాస్తవం. కాని ఎక్కువ చమురు ఉన్నది పక్కనున్న అబూధాబీలో. దుబాయి పాలకులు తమ బావులు ఎల్లకాలం ఉండవని ముందే గ్రహించి, 1972లో రషీద్ రేవు, 1979లో జబల్ అలీ రేవు కట్టారు, 1985లో ఎమిరేట్స్ విమాన కంపెనీ పెట్టారు. 1999లో సముద్రంలో తెరచాప ఆకారాన బుర్జ్ అల్ అరబ్ హోటలు లేచింది. 2002 నుంచి పరదేశీయులు కూడా అక్కడ ఇళ్ళు కొనుక్కోవచ్చునన్నారు. ఇక చెప్పేదేముంది! వచ్చేపోయే అతిథి, ఆ అతిథి కోసం హోటలు, ఆ హోటలు కట్టేందుకు కూలీ, ఆ కూలీకి మన ఊరు. ఈ నాలుగూ ఒకే దారానికి గుచ్చిన పూసలైపోయాయి.

ఇప్పుడొక లెక్క చెబుతాము. మాస్టరుకు మైకు ఇస్తే లెక్క చెప్పకుండా ఊరుకోడు, క్షమించాలి. ఒక యాత్రాస్థలం ఉందనుకోండి. అక్కడ 100 లాడ్జీలు, అన్నీ నిండుగా ఉన్నాయి. ఏటేటా యాత్రికులు పదోవంతు పెరుగుతున్నారు కనుక ఏటా 10 కొత్త లాడ్జీలు కడుతున్నారు. ఒక్కొక్క దానికి 50 మంది చొప్పున 500 మంది మేస్త్రీలు, కూలీలు బ్రతుకుతున్నారు. మరుసటి ఏడు యాత్రికులు తగ్గలేదు సుమా, పెరగలేదు, అంతే. ఏమవుతుంది? 100 లాడ్జీలూ నిండుగానే ఉంటాయి. వంటవాడికి, బేరరుకు, చాకలికి పని ఉంటుంది. కాని కొత్త లాడ్జీ ఒక్కటీ అక్కరలేదు. ఆ 500 మందీ ఒక్కసారిగా వీధిన పడతారు. ఒకవేళ యాత్రికులు కాస్త తగ్గి 5 లాడ్జీలు ఖాళీ పడ్డాయనుకోండి. మళ్ళీ మంచిరోజులు వచ్చినా ముందు ఆ అయిదూ నిండాలి, తరువాతే కొత్త పునాది. అంటే బేరరు పని రేపటికల్లా వచ్చినా తాపీ పని ఏడాదికో రెండేళ్ళకో గాని రాదు. మాంద్యమనే జ్వరం అతిథికి కొంచెం తగిలితే కట్టేవాడికి పూర్తిగా తగులుతుంది. ఎందుకంటే బేరరు ఈనాటి అతిథి మీద బ్రతుకుతున్నాడు, మేస్త్రీ రేపు వస్తాడనుకున్న అతిథి మీద బ్రతుకుతున్నాడు.

ఇది పుస్తకాల లెక్క కాదు. సరిగ్గా దుబాయిలో జరిగిందిదే. 2008 సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు దివాలా తీసింది. ఆ సెప్టెంబరులోనే దుబాయిలో తాటిచెట్టు ఆకారపు దీవి మీద అట్లాంటిస్ హోటలు తెరిచారు. నవంబరులో దాని ఉత్సవానికి కాల్చిన బాణసంచా ప్రపంచమంతా టీవీల్లో చూసింది. అక్టోబరులో నఖీల్ కంపెనీ కిలోమీటరుకు మించిన ఎత్తున ఒక టవరు కడతామని ప్రకటించింది, 2009 జనవరిలో ఆపివేస్తున్నామంది. మూడు నెలల ముచ్చట! ఇళ్ళ ధరలు చూస్తుండగా దాదాపు సగానికి పడ్డాయి.

మరి అతిథుల మాటేమిటి? ఇక్కడే గమనింపవలసిన విషయమున్నది. 2009లో దుబాయి హోటళ్ళలో దిగినవారు సుమారు 75 లక్షలు. అంతకు ముందటేడు కన్న తగ్గలేదు. హోటలువాళ్ళు గది అద్దెలు బాగా తగ్గించి గదులు నింపుకున్నారు. అతిథి వచ్చాడు, ఇడ్లీకి బదులు రొట్టె తిని ఇస్త్రీ బట్టలు కట్టుకుని వెళ్ళాడు. కాని క్రేను ఆగిపోయింది. సోనాపూర్ క్యాంపులో మనవాళ్ళు పొద్దున్నే బస్సు కోసం నిలబడితే బస్సు రాలేదు.

డబ్బు అంత త్వరగా ఎందుకు ఎండిపోయిందంటే, ఆ ఇళ్ళు చాలామట్టుకు కట్టకముందే అమ్ముడుపోయినవి. కాగితం మీద ఫ్లాటు చూపిస్తారు, కొన్నవాడు పదోవంతు కడతాడు, రెండో వాయిదా రాకముందే మరొకడికి లాభానికి అమ్మేస్తాడు. అందులో ఉండడానికి కొన్నవాడు ఎందరు? 2008 నవంబరులో అమ్లాక్, తమ్వీల్ అనే రెండు పెద్ద గృహఋణ సంస్థలు కొత్త అప్పులు ఆపగానే చివర కొన్నవాడి చేతిలో కాగితం మిగిలింది. కట్టించేవాడు పెద్ద కాంట్రాక్టరుకు బిల్లు ఆపాడు, పెద్దవాడు చిన్నవాడికి, చిన్నవాడు మనుషుల్ని సప్లయి చేసేవాడికి. ఆ వరుసలో ఆఖరున నిలబడ్డవాడు మన రాడ్ బెండరు, మన షట్టరింగ్ కార్పెంటరు. పైన ఒకడు బాకీ పడితే కింద నలుగురు పస్తుంటారు.

పెద్ద దెబ్బ 2009 నవంబరు 25న తగిలింది. దుబాయి వరల్డ్ అనే ప్రభుత్వ సంస్థ తన అప్పుల వాయిదా కొంతకాలం ఆపండని ఋణదాతలను అడిగింది. బక్రీదు సెలవులు మొదలయ్యే వేళ. డిసెంబరు 14న అబూధాబీ 1000 కోట్ల డాలర్లు ఇచ్చి ఆదుకున్నది. 2010 జనవరి 4న 828 మీటర్ల ఆ మహాభవనం తెరుచుకున్నప్పుడు, అంతవరకు బుర్జ్ దుబాయి అన్న దానికి అబూధాబీ పాలకుని పేరిట బుర్జ్ ఖలీఫా అని నామకరణం చేశారు. అన్న డబ్బిచ్చాడు, తమ్ముడు పేరు పెట్టాడు అని మన పెద్దవాళ్ళు నవ్వుకున్నారు.

ఇది గల్ఫుకే పరిమితమని అనుకోవద్దు. అమెరికాలోని లాస్ వేగాస్ కూడా అతిథుల మీదే బ్రతికే ఊరు. అక్కడా అదే సమయాన ఫాంటేన్‌బ్లూ అనే బ్రహ్మాండమైన హోటలు కట్టడం మధ్యలో ఆగి, 2009లో దివాలా కోర్టుకెక్కి, చివరకు 2023 డిసెంబరులో తెరుచుకున్నది. పద్నాలుగేళ్ళు! చిత్రమేమిటంటే, అదే ఊళ్ళో 2009 డిసెంబరులో తెరిచిన సిటీసెంటర్ అనే కట్టడంలో దుబాయి వరల్డ్ సగం భాగస్వామి. ఒక ఎడారిలో లాభం మరో ఎడారిలో పెట్టారు, రెండుచోట్లా ఒకేసారి ఎండ కాసింది.

ఇక మన వీధికి వద్దాము. ఆ రోజులు మేము కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. బడిలో ఫీజుకు గడువు అడిగే తల్లులు ఒక్కసారిగా ఎక్కువయ్యారు. ఒకామె మొగుడు 80,000 అప్పుచేసి వెళ్ళాడు, నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ. జీతం 700 దిర్హాములు. తిండికి 200 పోను 500 పంపేవాడు. అప్పుడు దిర్హాముకు సుమారు 12 రూపాయలు కనుక 6,000. పద్నాలుగు నెలలకు పని పోయి తిరిగొచ్చాడు. మేము ఆ లెక్కను పేరు చెప్పకుండా ఎనిమిదో తరగతి బోర్డు మీద వేశాము. ఇంట్లో ఒక్క పైసా వాడకుండా నెలనెలా 6,000 అప్పుకే కట్టినా పద్నాలుగో నెలాఖరుకు ఇంకా 18,000 పైగా బాకీ మిగులుతుంది. మరి ఇల్లు గడవాలి కదా. ఆమె పుస్తెలు, గాజులు అన్నీ షావుకారు దగ్గరకే చేరాయి.

ఇంకొక సంగతి మనం అంతగా పట్టించుకోలేదు. గల్ఫు డబ్బుతో మన ఊళ్ళో లేచే ఇళ్ళ మీద ఇక్కడి మేస్త్రీలు, సెంట్రింగువాళ్ళు, ఇసుక బండ్లవాళ్ళు బ్రతుకుతారు. అక్కడ క్రేను ఆగితే ఇక్కడ తాపీ ఆగింది. పై అంతస్తు కోసం స్లాబు మీద నిలబెట్టిన రాడ్లు ఆకాశాన్ని చూస్తూ తుప్పు పట్టిన ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, వెళ్ళి చూడండి. దుబాయి అతిథి మీద ఆధారపడితే మనం దుబాయి మీద ఆధారపడ్డాము. వాళ్ళ మీద ఒక పూస తెగితే మన మీద రెండు తెగాయి.

2020లో కథ తిరగబడింది. ఈసారి కరోనా వచ్చి అతిథే ఆగిపోయాడు. మార్చి 25న ఎమిరేట్స్ ప్రయాణికుల విమానాలు నిలిపివేసింది. 2019లో దుబాయికి 1 కోటి 67 లక్షల మంది వస్తే 2020లో వచ్చినవారు 55 లక్షలు. ఈమారు ముందు పని పోయింది హోటలు కుర్రాడికి, టాక్సీ డ్రైవరుకు, షాపులో సేల్స్‌మనుకు. మొదలుపెట్టిన కట్టడాలు చాలావరకు నడిచాయి. 2009లో మేస్త్రీ వెనక్కి వస్తే హోటలు పని చూపించాడు ఒకడు, 2020లో హోటలువాడు వస్తే చూపించేవాడే లేడు. మే 7 నుంచి వందేభారత్ విమానాలు నడిచాయి. టికెట్టు డబ్బులు మాత్రం ఎవరివి వారే పెట్టుకోవాలి.

ఇప్పుడు మళ్ళీ రోజులు మారాయి. 2024లో దుబాయికి 1 కోటి 87 లక్షల మంది వచ్చారు. 2008లో ఆపేసిన పెద్ద పనుల్లో కొన్ని తిరిగి ఎత్తుకున్నారు. జబల్ అలీ తాటిదీవి 2023లో మళ్ళీ ప్రకటించారు. ఏజెంట్లు మళ్ళీ మన వీధుల్లో తిరుగుతున్నారు. పిల్లల్ని పంపవద్దని మేము అనము. ఇక్కడ కూర్చోబెట్టి ఏం తినిపిస్తామని అడిగితే మా దగ్గర జవాబు లేదు. పంపేముందు ఏ పనికి పంపుతున్నామో చూడమంటున్నాము. కట్టుబడికి వెళ్ళేవాడు రెండేళ్ళలో బజారు చల్లబడవచ్చునని అనుకునే వెళ్ళాలి. వాడి మొదటి ఏడాది సంపాదన చూసుకుని ఇక్కడ రెండంతస్తులకు పునాది తీయకూడదు. మరమ్మతు పని, ఏసీ పని, ఎలక్ట్రికల్ పని నేర్చినవాడికి కొంత నిలకడ ఉంది. కొత్త హోటలు కట్టకపోయినా ఉన్న హోటల్లో ఏసీ చెడిపోక తప్పదు కదా.

హక్కుల సంగతి కూడా కొంత తెలుసుకోవాలి. మన దేశపు నిబంధన ప్రకారం రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి పుచ్చుకోకూడదు. లక్షన్నర అడిగినవాడు ఎవడో మీరే ఆలోచించండి. ఆజాద్ వీసా అని ఆశ చూపితే నమ్మవద్దు. మాంద్యం వస్తే కంపెనీ లేనివాడు ముందు ఖల్లివెల్లి అవుతాడు, వాడి గోడు వినే కచేరీ ఉండదు. ఎమిరేట్సు చట్టంలో ఏడాది దాటి పనిచేసినవాడికి గ్రాట్యుటీ ఉంది. మొదటి అయిదేళ్ళకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, తరువాత ఏడాదికి 30 రోజులు. మూలవేతనం 600 ఉన్నవాడు ఆరేళ్ళు చేస్తే 2,700 దిర్హాములు. భత్యాలు అందులో కలపరు. అందుకే కాగితంలో మూలవేతనం ఎంత రాశారన్నది ముఖ్యం. 2023 జనవరి నుంచి అక్కడ నిరుద్యోగ బీమా కూడా వచ్చింది. మూలవేతనం 16,000 లోపువారికి నెలకు 5 దిర్హాములు, పైన కొద్దిగా పన్ను. పన్నెండు నెలలు కట్టినవాడికి తన తప్పు లేకుండా పని పోతే మూలవేతనంలో 60 శాతం మూడు నెలల దాకా ఇస్తారు. పని పోయిన 30 రోజుల లోపల అర్జీ పెట్టాలి. ఇంటిపనివారికి ఇది వర్తించదు. అయిదు దిర్హాములంటే ఒక చాయ్, ఒక సమోసా. మన కుర్రాళ్ళలో ఇది కట్టామనుకుని కట్టనివాళ్ళు ఉన్నారు. ఈ రాత్రే ఫోను చేసి అడగండి.

కాంట్రాక్టు కాగితం ఉర్దూలో కూడా ఇప్పించుకోవచ్చు. ఉర్దూ మీడియంలో చదివితే ఏం వస్తుంది మాస్టారూ అని మమ్మల్ని ఎగతాళి చేసేవారికి ఇదొక చిన్న జవాబు. ఈ ఏడు వెళ్ళబోతున్న పిల్లల పేర్లు కార్యదర్శిగారి దగ్గర రాయించండి. సంతకం పెట్టకముందే ఆ కాగితం పట్టుకుని ఆదివారాలు అసర్ తరువాత మా బడికి రండి. కూర్చుని వరుస వరుసా చదివి, మూలవేతనం ఎంత, తిరుగు టికెట్టు ఎవరిది, పాసుపోర్టు ఎవరి చేతిలో ఉంటుంది అన్నవి తెలుగులో విడమరిచి చెబుతాము. తల్లులు కూడా రావాలి. అప్పు పత్రం మీద వేలిముద్ర వాళ్ళదే కదా.