కుడి వంత
(షేక్ నాజర్ స్మారకోపన్యాసం)



బుర్రకథకుడు షేక్ నాజర్ గారి గురించి మాట్లాడమన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆయన పాట కాదు, ఆయన ఆత్మకథ పేరు. 'పింజారి'. ఆయన చెబుతుంటే అంగడాల వెంకట రమణమూర్తి గారు రాసిపెట్టిన పుస్తకం అది. మన ఊళ్లలో మనిషిని తీసిపారేయాలంటే నోటికొచ్చే మాటల్లో అదొకటి. నిజానికది దూదేకుల వాళ్ల వృత్తి పేరు. విల్లు నారి మీద దెబ్బ వేస్తుంటే ముద్దకట్టిన పత్తి పింజెలు పింజెలుగా విడిపోతుంది. వాళ్లు ఏకిన దూదితో కుట్టిన పరుపుల మీదే పడుకుని, లేచాక ఆ పేరునే తిట్టుగా వాడుకున్నాం. పద్మశ్రీ అందుకున్న మనిషి తన జీవితకథకు ఆ మాటే కావాలనుకున్నారు. ఇప్పటికీ ఆ మాట తిట్టుగా విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

1920లో గుంటూరు దగ్గర పొన్నెకల్లులో పుట్టారాయన. పేదరికం గురించి ఎక్కువ చెప్పను, ఆ తరంలో అది చాలామంది కథే. చెప్పాల్సింది ఆయన నేర్చుకున్న తీరు. నాటకాల్లో వేషాలు కట్టారు, శాస్త్రీయ సంగీతం అభ్యసించారు. ఆ రెండూ వెంటబెట్టుకుని జంగం కథ, అంటే బుర్రకథ దగ్గరికి వచ్చారు.

బుర్రకథ చూడని పిల్లలు ఈ సభలో ఉన్నారు కాబట్టి కాస్త ఆగి చెబుతాను. నడుమ కథకుడు. భుజాన తంబూర, కుడి బొటనవేలికి అందె. బోలుగా ఉండే ఆ లోహపు కడియంలో గుళ్లుంటాయి. వేలు కదిలిస్తే తాళం పలుకుతుంది. అటూ ఇటూ గుమ్మెటలనే వాద్యాలతో ఇద్దరు వంతలు. కథకుడు ముందుకు అడుగేస్తే వాళ్లూ వేస్తారు, వెనక్కి వస్తే వెనక్కి వస్తారు. ఎడమవైపు వంతది హాస్యం. కుడివైపు వంతది రాజకీయం. కథ ఏ కాలానిదైనా సరే, కుడి వంత మధ్యలో అడ్డం వచ్చి ఈనాటి సంగతి అడగొచ్చు. ధరలు, శిస్తులు, ఊరి పెద్ద చేసిన అన్యాయం, ఏదైనా. కథకుడు జవాబు చెప్పి తీరాలి. మన కళల్లో ప్రశ్న అడగడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా నిలబెట్టిన కళ ఇది.

నాజర్ గారి గొంతు గొప్పదంటారు, అభినయం గొప్పదంటారు. నిజమే. ఒక్క మనిషే రాజై గర్జించి, మరుక్షణం తల్లై ఏడ్చేవారు. అయితే నా దృష్టిలో ఆయన చేసిన పెద్ద పని మరొకటుంది. కుడి వంత నోట అప్పుడప్పుడూ వచ్చే ఆ ప్రశ్నను ఆయన కథ నడిమధ్యకు తెచ్చారు.

1943 చూడండి. బర్మా జపాను చేతిలోకి పోయి అక్కడి బియ్యం ఆగిపోయింది. యుద్ధం పేరుతో ధరలు పేదవాడి చేతికి అందకుండా పోయాయి. బెంగాల్లో దాదాపు 30 లక్షల మంది పోయారని చరిత్రకారుల అంచనా. ఆ ఏడే, నాజర్ గారు పనిచేసిన కళాకారుల సంఘం ప్రజానాట్యమండలి పుట్టింది. గుంటూరు పల్లెలో పొలం నుంచి వచ్చి కూర్చున్న రైతుకు బెంగాల్ ఎక్కడుందో తెలియకపోవచ్చు. గింజ లేని ఇల్లు ఎలా ఉంటుందో తెలుసు. నాజర్ గారు ఆ కరువును బుర్రకథగా కట్టి ఆ రైతు ముందు పాడారు. పద్యమూ పౌరాణికమూ తప్ప వేదికకు మరొకటి తగదని చాలామంది అనుకునే రోజుల్లో అదెంత సాహసమో ఆలోచించండి. మద్రాసులోనూ హైదరాబాదులోనూ పాలకులు బుర్రకథను నిషేధించారు. తంబూర, రెండు గుమ్మెటలు, ముగ్గురు మనుషులు. నిషేధించింది వాటిని!

తర్వాత 1953లో రాజారావు గారు తీసిన 'పుట్టిల్లు' సినిమాలోనూ ఆయన బుర్రకథ ఉంది. నాకు మాత్రం ఆయన పల్నాటి యుద్ధం బుర్రకథే ఎక్కువ. కోడిపందెంతో మొదలై కారెంపూడిలో నెత్తురు పారిన కథ మనందరికీ తెలుసు. బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనూ ఒకే బంతిలో కూర్చోబెట్టిన చాపకూడు కథా తెలుసు. మాల కన్నమదాసును ఆయన కొడుకులా చూసుకున్న కథా తెలుసు. ఒక పింజారి నిలబడి ఆ చాపకూడు సంగతి ఊరి మధ్య చెబుతుంటే, వింటున్న వాళ్లలో ఎంతమంది తమ ఇంటి అరుగు వైపు చూసుకుని ఉంటారు?

1997లో ఆయన పోయారు. కళ ఉంది, అక్కడక్కడా ఉంది. పథకాల ప్రచారానికి బుర్రకథ దళాలను పిలుస్తున్నారు, నాలుగు డబ్బులు ఇస్తున్నారు. ఇవ్వాలి కూడా. కాని కుడి వంత చేతికి ముందే కాగితం ఇచ్చి ఇవే మాటలు చెప్పమంటే, అక్కడ కుడి వంత లేనట్టే.

నా మాటలయ్యాక ఈ వేదిక మీద ముగ్గురు ఆడపిల్లలు కథ చెబుతారు. మధ్యాహ్నం నుంచీ సాధన చేస్తున్నారు, గుమ్మెట కొట్టి కొట్టి ఒక పిల్ల వేళ్లు ఎర్రగా కమిలిపోయాయి. కుడి వంత ఆ అమ్మాయే. రాజకీయంలో ఏం అడగాలి తాతగారూ అని నా దగ్గరికి వచ్చింది. మీకు ఈ మధ్య ఇబ్బందిగా ఉన్నదేమిటమ్మా అన్నాను. హాస్టల్లో నాలుగు రోజులుగా కుళాయికి నీళ్లు రావడం లేదంది. అదే అడగమన్నాను. ముందు వరుసలో అధికారులు కూర్చుని ఉన్నారు. దయచేసి కథ అయ్యేదాకా ఎవరూ లేవకండి.