ఇరుగుపొరుగు సాక్ష్యం

విశ్వాసాన్ని బతికి చూపడం, సేవతో తోటివారికి ధైర్యమివ్వడం అన్న అంశం మీద మాట్లాడమన్నారు. ఆసుపత్రులూ బడులూ కట్టించిన మహనీయుల పేర్లు వరసగా చదువుతానని మీలో కొందరు అనుకుని ఉంటారు. ఆ వరస పెద్దదే, గౌరవించదగిందే. అయితే తెలుగునాట క్రైస్తవ విశ్వాసం ఒకరి నుంచి ఒకరికి ఎలా అందిందో చూస్తే, పైనుంచి చెయ్యి అందించినవాళ్ల కంటే పక్కన బతికినవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. తనలాంటివాడే, తన వాడలోవాడే, నష్టమని తెలిసీ ఒక నడతకు కట్టుబడడం కళ్లారా చూసినప్పుడు మనిషికి ధైర్యం వస్తుంది. సేవ కూడా ఆ నష్టంలో భాగం పంచుకున్నప్పుడే ఇంకొకరిని లేపి నిలబెడుతుంది. ఈ ఉపన్యాసంలో నేను నిరూపించదలచుకున్నది ఇంతే.

ఒంగోలు సంగతి తీసుకుందాం. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో 1840లో స్థిరపడ్డారు. పాతికేళ్ల బోధకు ఫలితంగా చేరినవాళ్లు కొద్దిమందే. ఇంత ఖర్చు దేనికి, మూసేద్దామన్న మాట అమెరికాలోని వాళ్ల పెద్దల సభల్లో ఒకటికి రెండుసార్లు వచ్చింది కూడా. 1866లో ఆ మిషనరీల్లో ఒకడైన జాన్ క్లౌ ఒంగోలుకు మకాం మార్చాడు. ఆ ఏడే తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ల వ్యాపారం అతనిది. అప్పటికే యోగ గురువుల దగ్గర శుశ్రూష చేసి, దేవుణ్ణి వెతుక్కుంటూ ఉన్న మనిషి. మరుసటి జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడు వెళ్లేసరికి పేరయ్య తన బంధువులకూ చుట్టుపక్కల పల్లెలవాళ్లకూ చెప్పాల్సింది చెప్పి, కూడగట్టి ఉంచాడు. ఆ విడత 28 మంది బాప్తిస్మం పొందారు. నెల్లూరులో పాతికేళ్ల ప్రసంగాలు చెయ్యలేని పని ఒక్క తోళ్ల వ్యాపారి కొద్ది నెలల్లో చేశాడంటే, అతని వాక్చాతుర్యమే కారణమని నేననుకోను. విన్నవాళ్లకు అతను అంతకుముందే తెలుసు. చెప్పేదానికీ చేసేదానికీ పొంతన ఉందో లేదో వాళ్లు రోజూ చూడగలరు.

ఆ పొంతనకు ఎంత ఖరీదు పడిందో కొంచెం దగ్గరగా చూడాలి. క్రైస్తవులైనవాళ్లు పాటించాల్సినవి ముఖ్యంగా మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇప్పుడు వింటే చిన్న నియమాల్లా తోస్తాయి. కానీ ఊళ్లో చచ్చిన పశువు మాదిగలది; దానికి బదులు వాళ్లు రైతుకు చెప్పులు కుట్టాలి, మోట బొక్కెనలు కట్టాలి, జాతరలో డప్పు కొట్టాలి. కళ్లంలో వాళ్లకు దక్కే గింజలు ఈ కట్టుబాటు మీదే ఆధారపడ్డాయి. అందువల్ల డప్పు కొట్టనన్నా, చచ్చిన గొడ్డు మాంసం ముట్టనన్నా, ఆదివారం పొలానికి రానన్నా అది ఒక ఇంటి భక్తి విషయంగా ఆగేది కాదు, ఊరి కట్టడికే ఎదురు నిలవడమయ్యేది. కరణాలూ మునసబులూ ఊరుకోలేదు. పని ఆపేశారు, దొంగతనాలు అంటగట్టారు, కొట్టారు. అయినా సంఘం పెరిగింది. పదేళ్లలోనే సభ్యులు వేలకు చేరారు. ఒక కుటుంబం ఒక పంటకాలం పాటు ఆ ఒత్తిడికి ఓర్చుకుని నిలబడితే, పక్క గుడిసెవాడికి అంతకు మించిన ప్రసంగం అక్కర్లేకపోయింది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, రావాలి కూడా. కరువులో గంజి పోసి మతంలో కలిపారు కదా అని. 1876-78 నాటి మహాకరువులో జరిగింది చూడండి. ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకాన్ని కరువు పనిగా పెట్టింది. మిగతా చోట్ల మాలమాదిగ కూలీలకు మేస్త్రీల చేతిలో తిట్లూ దెబ్బలూ తప్పడం లేదని, క్లౌ కాలువలో మూడున్నర మైళ్ల పని తానే కంట్రాక్టుకు తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పగలు మన్ను కొలిచి కూలి లెక్క కట్టినవాడే పొద్దుగూకాక అదే కూలీల మధ్య కూర్చుని మాట్లాడేవాడు. కొలతలో మోసం చేస్తే రాత్రి మాటకు విలువ ఉండదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ముఖ్యమైన విషయం మరొకటి. కరువు సాయం నడిచినన్నాళ్లూ, ఏడాదికి పైగా, క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. అడిగినవాళ్లను తిప్పి పంపాడు. కరువు పనులు ముగిసి, ఇచ్చేందుకు చేతిలో ఏమీ లేని సమయంలోనే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో 2,222 మందికి బాప్తిస్మమిచ్చినప్పుడు నీళ్లలోకి దిగింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున.

దీంతో ఆక్షేపణ పూర్తిగా తీరిపోయిందని నేననను. కృతజ్ఞతతో వచ్చినవాళ్లు ఉంటారు, రేపటి ఆసరా కోసం వచ్చినవాళ్లూ ఉంటారు. 1933లో వెలువడ్డ వాస్కమ్ పికెట్ అధ్యయనం దేశంలోని సామూహిక మతమార్పిళ్లను ఈ కోణం నుంచే పరిశీలించింది. చేరినప్పటి ఉద్దేశం కంటే, చేరాక వాళ్లకు అందిన బోధ, ఆదరణ ఎలాంటివన్నదే తరవాతి జీవితాన్ని ఎక్కువగా నిర్ణయించిందని ఆయన తేల్చాడు. నాకది సబబుగానే తోస్తుంది. పైగా, ఆకలిగొన్నవాడి కృతజ్ఞతను శంకించేవాళ్లు కడుపు నిండినవాడి భక్తిని ఎందుకు శంకించరో నాకు అంతుబట్టదు. పరీక్ష పాసవ్వాలని మొక్కుకునేవాడి ఉద్దేశాన్ని మనం తక్కెడలో వేసి తూచం.

దోర్నకల్‌లో ఈ వాదానికి ఇంకా గట్టి ఆధారం దొరుకుతుంది. 1912లో అక్కడ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. జీతం తీసుకునే బోధకుల మీదే భారం వేస్తే సంఘం నిలవదని ఆయన నమ్మకం. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ల చేత తమ తలమీద తామే చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ తప్పదని చెప్పించేవాడు. వీళ్లలో చాలామందికి అక్షరాలు రావు. 1920ల చివర, 30ల్లో శూద్ర కులాల రైతులు కూడా వేలల్లో సంఘంలోకి రాసాగారు. తమ పొలాల్లో పనిచేసే మాలమాదిగల తాగుడు తగ్గడం, ఇంటి శుభ్రత పెరగడం, పిల్లలు బడికి పోవడం చూసి కదిలామని వాళ్లలో పలువురు చెప్పుకున్నారు. అంటే ఊళ్లో అందరికంటే కింద ఉన్నవాళ్లు పైవాళ్లకు దారి చూపారు. సేవ ఎప్పుడూ పైనుంచి కిందికే పారుతుందనుకునే మన అలవాటుకు ఇది అడ్డం తిరుగుతుంది.

గాంధీజీ అభ్యంతరం వేరు. సేవ చేయండి, మతం మార్చకండి, గులాబీకి తన పరిమళం చాలదా అన్నది ఆయన ధోరణి. ఇందులో న్యాయం ఉంది. గుంటూరులో అన్నా కుగ్లర్ జీవితం చూస్తే ఆ న్యాయం ఇంకా తెలుస్తుంది. 1883లో వచ్చిన ఆ డాక్టరమ్మకు సొంత ఆసుపత్రి 1898లో గాని సమకూరలేదు. ఆమె వైద్యం చూసి ఏలూరు జమీందారు, హిందువై ఉండి కూడా, రోగుల బంధువులు ఉండేందుకు ఆసుపత్రి ఎదుట సత్రం కట్టించారు. ఎవరూ మతం మారకుండానే ఒకరి సేవ మరొకరి చేత సేవ చేయించింది. దీన్ని నేను తక్కువ చెయ్యను. కానీ పేరయ్య దగ్గరికొచ్చి, నువ్వు ఎందుకు భయపడడం లేదని అడిగిన బంధువుకు అతను ఏం జవాబు చెప్పాలి? నోరు మూసుకుని పరిమళించమనడం దయ కాదు. అడిగినవాడికి చెప్పడం, అడగనివాణ్ణి వదిలెయ్యడం అన్న హద్దు పాటిస్తే గాంధీజీ అభ్యంతరంలో చాలా భాగం తీరుతుంది. ఆ హద్దు సంఘాలు ఎప్పుడూ పాటించాయని మాత్రం నేను చెప్పలేను.

అన్నింటికన్నా కష్టమైన ఆక్షేపణ లోపలినుంచే వస్తుంది. బతుకే సాక్ష్యమైతే, పెళ్లి సంబంధాల దగ్గర, ఎన్నికల దగ్గర మాల, మాదిగ అని చీలే సంఘం దేనికి సాక్ష్యం? దీనికి నా దగ్గర సమాధానం లేదు, ఉన్నదల్లా ఒప్పుకోలే. నా వాదం నిజమైతే దాని రెండో వైపూ నిజమే. చూసి ధైర్యం తెచ్చుకునేవాడు చూసి విరక్తీ పొందుతాడు.

బతుకే సాక్ష్యమన్న మాటకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మరో చిక్కు తెచ్చింది. హిందువులను మాత్రమే షెడ్యూల్డ్ కులాలుగా గుర్తించిన ఆ ఉత్తర్వులో 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు చోటు దొరికింది. క్రైస్తవ దళితులకు దొరకలేదు. మన రాష్ట్రాల్లో వాళ్లు బీసీ-సీ కింద ఒక్క శాతంతో సరిపెట్టుకోవాలి. అందుకే ధ్రువపత్రంలో హిందువని రాయించుకుని ఆదివారం ఆరాధనకు వచ్చేవాళ్లున్నారు. వాళ్లది కపట విశ్వాసమని వేదిక మీదినుంచి మందలించే పాస్టర్లను చూస్తే నాకు కోపం వస్తుంది. పిల్లవాడి ఫీజు, హాస్టలు సీటు ఆ కాగితం మీద ఉన్నాయి. అది వదులుకోమనే సంఘం ముందు ఆ ఫీజు భారం తన మీద వేసుకోవాలి.