తుఫానుల సముద్రంలో కోపర్నికస్



శుక్లపక్ష దశమినాటి రాత్రి చంద్రబింబాన్ని చిన్న దూరదర్శినితో చూచినవారికి, వెలుగు చీకట్ల సరిహద్దున గుండ్రని కోటగోడ వంటి ఆకృతి ఒకటి కనిపిస్తుంది. లోపలి వైపున మెట్లవలె దిగే గట్లు, నడుమ కొన్ని శిఖరాలు. అదే కోపర్నికస్ బిలం. దాని వెడల్పు సుమారు 93 కిలోమీటర్లు. లోతు దాదాపు 3.8 కిలోమీటర్లు. 80 కోట్ల సంవత్సరాల క్రిందట అంతరిక్షం నుండి ఒక పెద్ద శిల వచ్చి ఢీకొనగా ఇది ఏర్పడినదని శాస్త్రజ్ఞుల అంచనా.

ఈ బిలానికి మొదటినుంచీ ఈ పేరు లేదు. స్పెయిన్ రాజు కొలువులో ఉండిన లాంగ్రెన్ 1645లో తన పటంపై దీనికి ఆ రాజు నాలుగవ ఫిలిప్ పేరు పెట్టినాడు. 1647లో హెవీలియస్ దీనిని ఎట్నా పర్వతమన్నాడు. ఆ రెండు పేర్లూ నిలువలేదు.

1651లో ఇటలీలోని బొలోనా నగరంలో రిచ్చోలీ అనే జెసూట్ మతాచార్యుడు ఒక మహాగ్రంథాన్ని వెలువరించినాడు. అందులోని చంద్రపటాన్ని గీచినవాడు అతని సహచరుడు గ్రిమాల్డీ. పేర్లు పెట్టినవాడు రిచ్చోలీ. బిలాలకు జ్యోతిశ్శాస్త్రవేత్తల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచినది ఆ గ్రంథమే.

ఇక్కడే ఒక చిత్రమున్నది. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతున్నదని కోపర్నికస్ 1543లో వ్రాసిన గ్రంథాన్ని రోమను చర్చి 1616లో నిషేధించినది. అదే మాటకై 1633లో గెలీలియో శిక్ష పొందినాడు. రిచ్చోలీయో, భూచలనానికి అనుకూలంగా 49 వాదాలను, ప్రతికూలంగా 77 వాదాలను పేర్చి, భూమి కదలదనే తీర్పు చెప్పినాడు. అట్టివాడు తన ప్రతిపక్షి పేరును చంద్రునిపై అందరి కంటా పడే బిలానికి పెట్టినాడు!

అయితే ఆ చోటు తుఫానుల సముద్రం. వివాదాలు రేపినవానిని తుఫానులోకే నెట్టినాననే ఎత్తిపొడుపు అందులో లేకపోలేదు. కాని కెప్లర్‌కు కూడా ఆ సముద్రంలోనే చోటిచ్చినాడు. తన పేరును, గ్రిమాల్డీ పేరును దాని పడమటి ఒడ్డునే నిలిపినాడు. ఎత్తిపొడుపో, లోలోపలి గౌరవమో పండితులు నేటికీ తర్కిస్తున్నారు.

ఏమైనా, రాజు పేరు చెరిగిపోయినది. ప్రతివాది పెట్టిన పేరు నిలిచినది. 1935లో అంతర్జాతీయ జ్యోతిశ్శాస్త్ర సంఘమూ దానినే ఖాయపరచినది. వచ్చే దశమినాడు ఆకాశం నిర్మలంగా ఉంటే, దూరదర్శిని ఉన్నవారు ఆ కోటను ఒక్కసారి చూడండి. ఒప్పుకోని మాట చెప్పినవానికి కూడా ఇవ్వవలసిన చోటు ఇచ్చిన చేయి ఒకటి అక్కడ కనిపిస్తుంది.