క్రిస్మసు కానుకలు - తలిదండ్రుల వ్యయము



డిసెంబరు మాసము వచ్చినదనగా మా కృష్ణాతీరపు పల్లెలలో వరికోతలు సాగుచుండును. ప్రార్థనామందిరముమీద వెదురుబద్దలతో కట్టిన నక్షత్రము రాత్రులందు వెలుగుచుండును. ఇండ్లలో అరిసెలకు బియ్యము నానబోయుదురు. ఆ దినములలోనే, పిల్లలు నిద్రించిన పిదప, తల్లియు తండ్రియు మెల్లగా ఒక మాట అనుకొందురు: "ఈ యేడు పిల్లల కానుకలకు ఎంత పెట్టవలెను?" ఈ చిన్న ప్రశ్నను గూర్చియే నేడు మీతో నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

నేను అర్థశాస్త్రవేత్తను గాను. కౌలురైతు కొడుకును, పల్లెబడిలో పాఠములు చెప్పినవాడను. నాకు తెలిసినది ఇంటిలెక్క మాత్రమే. క్రైస్తవ కుటుంబమున పుట్టితిని గనుక క్రిస్మసు మాట చెప్పుచున్నాను. సంక్రాంతికైనను, దసరాకైనను, రంజానుకైనను ఈ లెక్క యొక్కటియే.

మొదట మా యింటి లెక్కనే వినిపించెదను.

మాది కృష్ణానది సముద్రమున కలియుచోట నున్న దివిసీమ. 1976వ సంవత్సరమున నాకు తొమ్మిదేండ్లు. మా అక్కకు పదమూడు. ఎనిమిదవ తరగతి చదువుచుండెను. నాకు చిన్నవారు ఇద్దరు తమ్ములు. ఆ కాలమున మా పల్లెలో క్రిస్మసు కానుక యనగా కొత్తబట్టలే. కొన్న బొమ్మలను మేమెరుగము. ఇరువదినాలుగవ తేది రాత్రి కొత్తబట్టలు కట్టుకొని ఆరాధనకు పోవుటయే పిల్లలకు పండుగ. ప్రతి యేడును మా తండ్రిగారు నూలుగుడ్డ కొని ఊరి దర్జీచేత కుట్టించెడివారు. ఆ యేడు మా ప్రక్కయింటి పిల్లలకు పట్నమునుండి టెరిలీను చొక్కాలు వచ్చినవి. వానిని చూచి నేను రెండు దినములు సరిగా అన్నము తినలేదు. ఈ మాట చెప్పుటకు నాకిప్పటికిని సిగ్గుగనే యున్నది.

మా తండ్రిగారు నా యలుక చూచి ఓర్వలేకపోయిరి. ఒక వ్యాపారియొద్ద నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 200 రూపాయలు తెచ్చి, నలుగురికిని టెరిలీను బట్టలు కొనిరి. నూలుబట్టలైనచో 80 రూపాయలతో తీరిపోవును. తక్కిన 120 రూపాయలును ఇరుగుపొరుగువారి కంటికొరకు పెట్టినవే. సంక్రాంతి దాటగనే అప్పు తీర్చెదనని ఆయన తలంచిరి. పంట చేతికి వచ్చెను గాని, కౌలుధాన్యమును ఎరువుల బాకీయు పోగా మిగిలినది మా తిండికే సరిపోయెను. వచ్చు పంటకు చూచుకొందమనుకొనిరి.

ఆ వచ్చు పంట రానేలేదు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన తుపాను వచ్చెను. ఉప్పెన పొలములమీదుగా ఊళ్లలోనికి వచ్చి పడెను. ఆ తుపానులో సుమారు 10,000 మంది మరణించిరి. మా యూరు కొంత మెరకనుండుటచే మేము బ్రతికితిమి. ఇల్లు కూలెను. కోతకు సిద్ధమైన వరి ఉప్పునీట కుళ్లిపోయెను. అటుపిమ్మట 36 దినములకు క్రిస్మసు వచ్చెను. ప్రార్థనామందిరమునకు పైకప్పు లేకపోయెను. ఆరుబయటనే ఆరాధన జరిగెను. ఊరి పిల్లలందరికిని సహాయముగా వచ్చిన పాతబట్టలే దిక్కయ్యెను. నాకు వచ్చిన చొక్కా మోకాళ్లు దాటినది. మా అక్క దాని చేతులు కత్తిరించి సరిచేసి కుట్టినది. అందరివియు అటువంటివే గనుక ఎవరును ఎవరిని చూచియు నవ్వలేదు. ఆ యాపద మేలని నేననను. అటువంటి దినము పగవానికైనను రాకూడదు.

ఆ సాయంకాలము మా తండ్రిగారు మమ్ములను దగ్గర కూర్చుండబెట్టుకొని ఒక చిన్న పుస్తకము విప్పి అప్పులెక్క చూపిరి. "ఒరే నాయనా, నిరుడు నీ చొక్కా ఎంతయైనదో నీకు చెప్పలేదు. చెప్పవలసినది. చెప్పియున్నచో నీవే వద్దనియుందువేమో" అనిరి. ఆ చొక్కా అప్పటికే చినిగిపోయినది. అప్పు మాత్రము చినుగలేదు.

మరు జూనులో బడులు తెరచిరి. మా అక్క బడికి పోలేదు. నాట్లకును కలుపుతీతకును కూలికి పోయెను. ఆమె కూలిడబ్బు ఆ యప్పునకే పోయినది. 1979 డిసెంబరునాటికి బాకీ తీరెను. 36 నెలలకు, నెలకు 6 రూపాయల చొప్పున, వడ్డీయే 216 రూపాయలు. అసలు 200. వెరసి 416. ఎనుబది రూపాయలతో పోవలసిన పండుగకు ఇంత పెట్టితిమి. మా అక్క చదువు ఈ లెక్కలో చేరలేదు. మా తండ్రిగారు త్రాగుబోతు కారు, దుబారా మనిషి కారు. మామీది ప్రేమచేతనే ఇట్లు చేసిరి. చిక్కంతయు అక్కడనే యున్నది.

కొన్నాళ్ల క్రిందట మా అక్కను, "ఆనాటి నీ పరికిణీ ఏ రంగుదో జ్ఞాపకమున్నదా?" అని యడిగితిని. ఆమె చాలసేపు ఆలోచించి, "ఆకుపచ్చదో నీలమో, తెలియదు తమ్ముడూ" అన్నది. నా చొక్కా రంగు నాకును జ్ఞాపకము లేదు. 416 రూపాయల మాట మాత్రము ఇరువురమును మరువలేదు.

ఇక ఈ కానుకల యాచారము ఎక్కడిదో కొంచెము విచారింతము. తూర్పుదేశపు జ్ఞానులు శిశువగు యేసునకు బంగారమును, సాంబ్రాణిని, బోళమును సమర్పించిరని మత్తయి సువార్త చెప్పుచున్నది. నాలుగవ శతాబ్దమున, నేటి టర్కీదేశమందున్న మైరా పట్టణమున, నికొలసు అను బిషప్పు ఉండెను. కట్నమునకు దారిలేని యొక పేదవాని ముగ్గురు కూతుండ్రకు, రాత్రివేళ ఎవరికిని తెలియకుండ, ఆయన బంగారపు మూటలు ఇంటిలోనికి విసరెనని కథ కలదు. ఆడపిల్లల తండ్రుల కష్టమెరిగిన మనకు ఈ కథ వేరుగ విప్పి చెప్పనక్కరలేదు. ఆయన లేనివారికి ఇచ్చెను. తనకు కలిగినదానిలో ఇచ్చెను. ఇచ్చినది తానని తెలియనీయలేదు.

ఆ నికొలసు పేరనే హాలండు దేశమున డిసెంబరు మొదటి వారమున పిల్లల చెప్పులలో చిన్న చిన్న కానుకలు ఉంచుట ఆచారమైనది. అమెరికాలో మొదట ఈ పండుగయే అందరికిని సమ్మతము కాలేదు. మసాచుసెట్సు ప్రాంతమున 1659లో క్రిస్మసు జరుపుకొన్నవారికి ఐదు షిల్లింగుల జుల్మానా విధించు చట్టము చేసిరి. 1681లో దానిని తీసివేసిరి. 1823లో న్యూయార్కు రాష్ట్రమందలి ట్రాయ్ పట్టణపు పత్రికలో ఒక పద్యము వెలువడెను. దుప్పులు లాగు బండిమీద బొమ్మల సంచితో వచ్చు తాత ఆ పద్యముతో ఇంటింట ప్రసిద్ధుడయ్యెను. 1870లో ఆ ప్రభుత్వము క్రిస్మసును సెలవుదినముగ శాసించెను. అటుపిమ్మట అంగళ్లవారు ఆ తాతను తమ గుమ్మములయందు కూర్చుండబెట్టిరి. రహస్యముగ ఇచ్చిన నికొలసు పేర బహిరంగముగ వ్యాపారము సాగినది.

ఆ వ్యాపారము ఎంతదూరము పోయినదో ఒక్క యుదాహరణము చాలును. 1983వ సంవత్సరపు డిసెంబరునకు ముందు అమెరికాలో ఒక గుడ్డబొమ్మకొరకు జనులు అంగళ్లలో త్రొక్కులాడుకొని గాయపడిరి. అది లేకున్నచో పిల్లవాని పండుగ చెడునని తల్లులు నమ్మిరి. ఈ నమ్మకము పిల్లలకు పుట్టుకతో వచ్చినది కాదు, ప్రకటనలు కలిగించినది. స్వీడను దేశమువారు ఇది గ్రహించి, పన్నెండేండ్లలోపు పిల్లలను ఉద్దేశించిన ప్రకటనలను టెలివిజనులో 1991 నుండి నిషేధించిరి. 2024లో అమెరికాలో జరిగిన ఒక సర్వేలో, పండుగ కానుకలకు తాము సుమారు 1,000 డాలర్లు వ్యయము చేయుదుమని జనులు సగటున చెప్పిరి.

2023 డిసెంబరులో నేను న్యూజెర్సీలోనున్న మా అబ్బాయి యింట నుంటిని. ఆరేండ్ల మనుమరాలు కావలసిన వస్తువుల పట్టీ వ్రాసినది. అందు పదునొకండు వస్తువులు. అన్నియు వచ్చినవి. జనవరిలో క్రెడిట్ కార్డు బాకీకాగితము వచ్చినపుడు మా వాని మొగము చూచితిని. అది నాకు బాగుగ తెలిసిన మొగము. "ఎందుకురా ఇంత?" అంటిని. "సెలవుల తరువాత బడిలో ఎవరికేమి వచ్చెనో పిల్లలు ఒకరినొకరు అడుగుకొందురు నాన్నగారూ. మన బిడ్డ తలవంచుకొని నిలువరాదు గదా" అనెను. అచ్చట ఆ కార్డులమీద వడ్డీ ఏడాదికి నూటికి 20కి పైబడి యుండెను. అనగా నెలకు ఇంచుమించు రూపాయి ముప్పావలా. మా తండ్రిగారి మూడురూపాయల వడ్డీకి ఇది తమ్ముడు. ప్రక్కయింటి చొక్కా సముద్రములు దాటి అక్కడికిని వచ్చినదని నాకు తోచెను. ఆ రాత్రి వానికి వాని మేనత్త కథ మొదటిసారిగ పూర్తిగ చెప్పితిని. ఇన్నాళ్లు చెప్పకపోవుట నా తప్పే.

1993లో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అను అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు తన విద్యార్థులను విచారించి ఒక సంగతి ప్రకటించెను. కానుక పొందినవారి దృష్టిలో దాని విలువ, ఇచ్చినవారు పెట్టిన వెలకంటె నూటికి పదవవంతు మొదలు మూడవవంతు వరకు తక్కువగ నుండెనట. పదిబస్తాల ధాన్యము బండిమీద వేసికొని పోవగా, దారిలో ఒకటో మూడో కారిపోయినట్లు. అప్పుచేసి కొన్న కానుకలో కారిపోవునది ఇంకను హెచ్చు.

అయినచో కానుకలే వలదా? అట్లనను. చేత నుండియు బిడ్డకు పండుగనాడు గుడ్డముక్క కొనని తండ్రిని నేను మెచ్చను. పిల్లలు ఏడాదిపొడుగున ఎదురుచూచు దినమది. ఎంత పెట్టవలెనను ప్రశ్నకు మాత్రము నాకు తోచిన సమాధానములు చెప్పెదను.

మొదటిది: కానుకకై అప్పు చేయరాదు. చేత నున్న పైకమే హద్దు. జనవరినుండి నెలకు నూరు రూపాయలు వేరుగ నుంచినచో డిసెంబరునాటికి 1,200 అగును. పెన్సిల్వేనియా రాష్ట్రమందలి కార్లయిల్ పట్టణపు బ్యాంకు ఒకటి 1909లోనే క్రిస్మసుకొరకై ఇట్టి పొదుపు ఖాతాలు తెరచెను. అయితే దాచుచోటు కూడ చూచుకొనవలెను. 2006లో బ్రిటనులో క్రిస్మసు పొదుపు సొమ్ము తీసికొనిన యొక సంస్థ దివాలా తీయగా, లక్షమందికి పైగా పండుగ ముందు వట్టిచేతులతో నిలిచిరి. వారిలో హెచ్చుమంది పేదలే. గనుక ఎవరో నడుపు చీటీలకంటె తపాలాఫీసు ఖాతా మేలు.

రెండవది: ఊహ తెలిసిన పిల్లలకు ఇంటిలెక్క చెప్పవలెను. బిడ్డ చిన్నబుచ్చుకొనునని దాచెదము. చిన్నబుచ్చుకొనును, నిజమే. ఆ చిన్నతనము రెండు దినములలో పోవును. తొమ్మిదేండ్ల నాకు ఆ చొక్కాకు వడ్డీ కలదని ఎవరైన చెప్పియున్నచో, నేను గ్రహించియుందును.

మూడవది పెద్దలగు మీకొరకు. ఒక తండ్రి ఒంటరిగ ఈ పోటీనుండి తప్పుకొనజాలడు. అతని బిడ్డ ఒక్కతెయే వేరుగ కనబడును. నలుగురు కలిసి నిర్ణయించినచో తేలిక. డిసెంబరునకు ముందే సంఘపెద్దలు కూర్చుండి, పిల్లల బట్టలకు ఇంతకు మించరాదని మాట యనుకొనవచ్చును. టోకుగ తానులు కొని ఊరి దర్జీచేతనే అందరికిని కుట్టింపవచ్చును. వెల తగ్గును, ఊరివానికి పనియు దొరకును. తండ్రి లేని బిడ్డలకు చొక్కాలు అందులోనే చేర్చి, ఎవరి పేరును చదువకుండ ఇచ్చినచో నికొలసు చేసిన పనియే మనమును చేసినవారమగుదుము.

మా అక్క నేటికిని ఆ యూరనే యున్నది. ప్రతి డిసెంబరునను నేను పండుగకు పోయినపుడు, పిల్లలకు బట్టలు కొనిన రసీదులు నాచేత చదివించుకొనును. మొత్తము విని, "అప్పు లేదు గదా?" అని యడుగును. లేదన్న పిదపనే అరిసెలు పెట్టును. మీ యింట ఈ యేడు కానుకలు విప్పుటకు ముందు ఆ ప్రశ్న నొకసారి అడిగి చూడుడని వేడుచు, సెలవు తీసికొనుచున్నాను.