చేతులూ కాళ్లూ అమరే వారాలు



ఉగాది పచ్చడి తిని, పంచాంగ శ్రవణం విన్న మనకు ఏడాదిలో రాబోయే గ్రహణాల సంగతి ఆ పూటే చెవిని పడుతుంది. గ్రహణమనగానే మన ఇళ్లలో అందరి చూపూ గర్భిణి మీదికే పోతుంది. కాళ్లు ముడవకూడదు, కత్తిపీట ముట్టకూడదు అంటారు. తర్వాత బిడ్డ వేళ్లు అతుక్కునో, పాదం వంకరగానో పుడితే “ఆనాడు ఏం చేశావు?” అని తల్లినే నిలదీస్తారు. ఊరు విడిచి తరాలు గడిచినా ఈ ప్రశ్న మనతోపాటే వచ్చింది. దీనికి శాస్త్రం చెప్పే సమాధానమేమిటో నేడు మనవి చేయదలచాము.

గర్భం నిలిచిన 26వ రోజు ప్రాంతంలో పిండానికి ఇరుప్రక్కలా రెండు చిన్న మొగ్గలు పొడసూపుతాయి. అవే చేతులు. ఒకటి రెండు రోజులకు కాళ్ల మొగ్గలు వస్తాయి. క్రమంగా చేతి మొగ్గ కొన తెడ్డులా పరచుకుంటుంది. ఆ తెడ్డులో వేళ్లు ఏర్పడి, వాటి నడుమ ఉన్న కణాలు వాటంతటవే నశించగా, వేళ్లు విడివడతాయి. బాతు పాదంలో ఆ కణాలు చాలావరకు నిలిచిపోతాయి కనుకనే వేళ్ల మధ్య పొర ఉంటుంది. మనిషిలో నిలిచిపోతే వేళ్లు అతుక్కుని పుడతాయి. ఎనిమిదో వారం ముగిసేసరికి చేతులకూ కాళ్లకూ రూపం వచ్చేస్తుంది.

ఈ మొగ్గలకు దారి చూపేదేమిటి? 1948లో అమెరికాలో జాన్ సాండర్స్ కోడి పిండంలో రెక్క మొగ్గ కొననున్న సన్నని గట్టును తీసివేసి చూశాడు. రెక్క మధ్యలోనే ఆగిపోయింది. 1968లో ఆయనా, మేరీ గాసెలింగూ మొగ్గ వెనుక అంచు కణాలను ముందు అంచున అతికించగా, వేళ్లు అద్దంలోని ప్రతిబింబంలా రెట్టింపయ్యాయి. వేళ్ల వరుసను నిర్ణయించే సంకేతం ఆ అంచు నుండే వస్తున్నదన్న మాట. మనుషులలో జన్యువు మార్పు వలన ఆ సంకేతం తప్పుచోట వెలువడితే, బొటనవేలి ప్రక్కన అదనపు వేలు రావచ్చు.

బయటినుండి వచ్చే కీడూ లేకపోలేదు. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే నిద్రమాత్ర అమ్మకానికి వచ్చింది. వేవిళ్లకూ అదే వాడారు. చేతులు పొట్టివై, కొందరికి అసలే లేక, పిల్లలు పుట్టసాగారు. జర్మనీలో లెంజ్, ఆస్ట్రేలియాలో మెక్‌బ్రైడ్ అనే వైద్యులు కారణం పసిగట్టారు. 1961 నవంబరులో జర్మనీలో ఆ మందును వెనక్కు తీసుకున్నారు. అప్పటికే లోకంలో పదివేలమందికి పైగా పిల్లలు నష్టపోయారని అంచనా. గర్భం నిలిచిన 20వ రోజు నుండి 36వ రోజు లోపల ఆ మాత్ర వేసుకోవడమే ప్రమాదమైంది. ఆ రోజులలో చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు.

కనుక కారణాలు జన్యువులలో ఉండవచ్చు, కొన్ని మందులలో ఉండవచ్చు, అదుపు తప్పిన మధుమేహంలో ఉండవచ్చు. పెక్కు సందర్భాలలో కారణమే దొరకదు. గ్రహణానికి మాత్రం ఇందులో చోటు లేదు.

మనం చేయగలిగినవి ఉన్నాయి. బిడ్డ కావాలనుకున్ననాటి నుండే వైద్యుని అడగక ఏ మాత్రా వేసుకోరాదు. మధుమేహమున్నవారు ముందుగానే దానిని అదుపులో పెట్టుకోవాలి. పాదాలు లోపలికి తిరిగి పుట్టిన బిడ్డను మొదటి వారాలలోనే ఆసుపత్రిలో చూపాలి. అమెరికాలో పొన్సెటి అనే వైద్యుడు రూపొందించిన పద్ధతిలో వారం వారం కట్లు మార్చుతూ పాదాన్ని సరిచేస్తారు. పలువురికి మడమ వెనుక నరం వంటి స్నాయువును చిన్న కోతతో సడలిస్తారు. తర్వాత నాలుగేళ్ల వయసు దాకా రాత్రివేళ ప్రత్యేకమైన బూట్లు తొడగాలి. ఇది మానితే పాదం మళ్లీ తిరగబడుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద మనం ఏ రాష్ట్రంలో ఉన్నా ఈ చికిత్సకు సహాయం కోరవచ్చు.

ఈ కొత్త సంవత్సరంలో మన సంఘంలో ఏ ఇంట అట్టి బిడ్డ పుట్టినా, తల్లిని ప్రశ్నించడం మాని, ఆమెకు తోడుగా ఆసుపత్రికి నడుద్దాము.