రెండు బావుల మధ్య దూరం



మా గురువుగారు రిజర్వాయర్ పాఠాన్ని చమురుతో మొదలుపెట్టేవారు కాదు, బోరుబావితో మొదలుపెట్టేవారు. పక్క చేలో బోరు పడితే మన బోరు ఎందుకు ఎండుతుందని అడిగేవారు. అనంతపురం నుంచి వచ్చిన మాకు ఆ ప్రశ్నను ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. ఆయన పేరిట జరిగే ఈ సభలో నేనూ బావి దగ్గరి నుంచే బయల్దేరతాను.

టెక్సాస్‌లోని డెనిసన్‌లో ఈస్ట్ అనే ఆయన ఇంటి బావి లోతు 33 అడుగులు. పక్కన రైల్వే కంపెనీ 20 అడుగుల వెడల్పున, 66 అడుగుల లోతున మరో బావి తవ్వి రోజుకు 25,000 గ్యాలన్లు తోడింది. ఈస్ట్ బావి ఎండింది. ఆయన కోర్టుకెక్కితే 1904లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు రైల్వేకే అనుకూలంగా తీర్పిచ్చింది. ఎవరి నేలలో వారు ఎంత తోడుకున్నా తప్పులేదన్న ఆ సూత్రమే చమురుకూ నడిచింది. ముందు తోడినవాడిదే సొత్తు కావడంతో డెరిక్కులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ లేచాయి. 1919లో టెక్సాస్ రైల్‌రోడ్ కమిషన్ 37వ నిబంధన తెచ్చింది: బావికీ బావికీ 300 అడుగులు, సరిహద్దుకు 150 అడుగులు. మన నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) 2002లో ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావికి అడ్డుకట్ట వేసింది. రెండూ ఒకే గొడవకు పుట్టిన చట్టాలు.

ఆ గొడవ వెనకున్న లెక్క సంగతికొస్తే, 1935లో అమెరికా భూగర్భజల శాస్త్రవేత్త చార్లెస్ థైస్, తోడేకొద్దీ బావి చుట్టూ పీడనం తగ్గే వలయం కాలంతో ఎలా విస్తరిస్తుందో సమీకరణంలో పెట్టాడు. రెండు వలయాలు కలిసినచోట రెండు తగ్గుదలలూ కూడుకుంటాయి.

గ్యాస్‌ను బిగపట్టుకున్న షేల్ రాయి దగ్గర ఈ కూడిక చాలలేదు. జార్జ్ మిచెల్ కంపెనీ టెక్సాస్‌లోని బార్నెట్ షేల్‌లో తొలి బావి తవ్వింది 1981లో. చిక్కటి జెల్ మాని పల్చటి నీటితో రాయిని పగలగొట్టి లాభం చూసేసరికి 1998. మామూలు ఇసుకరాయితో పోలిస్తే ఈ రాయిలో గ్యాస్ కదిలే వీలు లక్షల రెట్లు తక్కువ. పైగా దూరం రెట్టింపైతే పీడనపు మార్పు పాకడానికి నాలుగింతల కాలం కావాలి. ఆ లెక్కన వందల అడుగుల అవతలి బావికి తరాలపాటు ఏమీ తెలియకూడదు. కానీ కొత్త బావిలో రాయిని ఇలా పగలగొడుతుండగానే, అంటే ఫ్రాక్ చేస్తుండగానే, పాత బావుల్లో పీడనం ఎగిసింది, నీళ్లు చేరాయి, ఒక్కోచోట పగుళ్లు మూసుకోకుండా నీటితో పంపే ఇసుకా చేరింది.

నీటి బావి ఉన్న దారిని వాడుకుంటుంది. షేల్ బావి తన దారిని తానే పగలగొట్టుకుంటుంది. పాత బావి గ్యాస్ తీసేకొద్దీ చుట్టూ రంధ్రపీడనం తగ్గుతుంది, రాయిని అదిమిపట్టే ఒత్తిడీ సడలుతుంది. కొత్త పగులు అటే ఒరుగుతుంది. పాతదాన్ని తల్లి బావి, కొత్తదాన్ని పిల్ల బావి అంటారు. పిల్లకు పట్టించిన నీళ్లూ ఇసుకా తల్లి ఖాళీ చేసిన చోటికి పోతాయి, అవతలి రాయి పగలకుండా మిగిలిపోతుంది. అమెరికాలోని పెర్మియన్ బేసిన్‌లో కంపెనీలు దీన్ని నష్టపోయి నేర్చుకున్నాయి. అక్కడి హేన్స్‌విల్ షేల్‌లో మాత్రం కొన్ని తల్లి బావులు పిల్ల బావి ఫ్రాక్ దెబ్బ తిన్నాక ఎక్కువ గ్యాసిచ్చాయి. ఒకచోటి దూరం మరోచోటికి అతకదు.

అందుకే బావుల మధ్య దూరం తేల్చే కంప్యూటర్ మోడల్‌లో లెక్కల వరుస ముఖ్యం. ముందు తల్లి బావి ఎంత తోడిందో లెక్కకట్టాలి, దాన్నుంచి ఒత్తిడి మార్పు, ఆపైన పగుళ్లు, ఆ తర్వాతే ఉత్పత్తి. పగుళ్లను సమానమైన రెక్కల్లా గీసి దూరం తేల్చే మోడల్‌ను నేను నమ్మను. టెక్సాస్ రీగన్ కౌంటీలో ఫ్రాక్ చేసిన రాయిలోంచి సుమారు 600 అడుగుల కోర్ తీస్తే వందల పగుళ్లు కనిపించాయి. ఇసుక నిలిచినవి కొన్నే. నీరు వెళ్లిన దూరం వేరు, గ్యాస్ వచ్చే దూరం వేరు.

మన షేల్ విధానం 2013లో వచ్చింది. అన్వేషణకు ఎంచిన బేసిన్లలో కృష్ణా–గోదావరి ఒకటి. ఈ సభలో ఉన్న యువ ఇంజినీర్లలో ఎవరికైనా అక్కడ పని దొరికితే నాదొక్కటే విన్నపం: మొదటి బావి తెరిచిన రోజు నుంచే పీడనం కొలవండి, ఆ అంకెలు పక్క బావి తవ్వేవారికి అందేలా చూడండి.